పది వేళ్ల రిపోర్టు

జనవరి రెండో శనివారం నాడు ప్రేమలత ఆరు వందల నలభై బీడీలే చుట్టింది. ఆమెది రోజుకు ఎనిమిది వందలు చుట్టే చెయ్యి. ఆ నూట అరవై తగ్గడానికి కారణం, మధ్యాహ్నం చాట పక్కకు జరిపి ఆమె ఒక పుస్తకం చదవడం. నలభై ఎనిమిది పేజీలు, నున్నటి కాగితం, స్పైరల్ బైండింగు. అట్ట మీద సగం నీలం, సగం నారింజ రంగులో ఒక మెదడు బొమ్మ. దాని కింద ఆమె కూతురి పేరు: లావణ్య, పదో తరగతి.

ప్రేమలత పుట్టింది సిరిసిల్లలో. తండ్రి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేసేవాడు. తొమ్మిదో తరగతి దాకా అక్కడే చదివి, పంతొమ్మిదేళ్లకు జగిత్యాల దగ్గరి మేడిపల్లికి కోడలుగా వచ్చింది. వచ్చిన వారంలోనే అత్త మొగిలవ్వ ఆమె చేతికి ఒక కత్తెర, ఒక తునికాకు కట్ట ఇచ్చింది. అప్పటి నుంచి అదే పని. తడిపిన ఆకును కొలతకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించాలి, మూతి మడవాలి, దారం చుట్టాలి. ఇరవై ఏళ్లు ఇదే చేస్తే వేళ్ల కొనలు నూరినట్టు నున్నగా అవుతాయి. ప్రేమలతవీ అలాగే అయ్యాయి. ఆ వీధిలో బీడీలు చుట్టే ఏ ఆడమనిషి వేళ్లు చూసినా అంతే.

ఈ సంగతి రేషన్ దుకాణంలో వేలిముద్రల మిషన్ పెట్టినప్పుడు బయటపడింది. ప్రేమలత వేలు పెడితే ఎర్ర దీపం వెలిగేది. తలకు రాసి పెట్టినా, కొంగుకు తుడిచి పెట్టినా ఎర్ర దీపమే.

"ప్రేమక్కా, నీ ఏలు అద్దం తీర్గ ఉన్నది," అనేవాడు డీలర్ కొమురయ్య. "గండ్ల నా మొఖం కనబడుతున్నది గని నీ పేరు కనబడతలేదు. ముసల్దాన్ని తోలియ్యి."

మొగిలవ్వ పింఛను మొదలయ్యాక బీడీలు మానేసింది. మానేసిన ఏడాదికో రెండేళ్లకో ఆమె వేళ్ల మీద గీతలు మళ్లీ తేలాయి. అప్పటి నుంచి ఆ ఇంటికి వేలు అంటే మొగిలవ్వ వేలే. కార్డులో పేరున్న వాళ్లలో ఎవరి వేలు పడితే వాళ్లు పెడతారు, బియ్యం అందరూ తింటారు. ఇందులో దాపరికం లేదు, తప్పూ లేదు. సర్కారే ఒప్పుకున్న పద్ధతి. డిసెంబరులో జరిగిన దానికి మూలం ఈ అలవాటే.

ప్రేమలత భర్త భాస్కర్ మస్కట్‌లో డ్రైవరు. రెండేళ్లకోసారి వస్తాడు. మిగతా కాలమంతా ఫోన్‌లోనే సంసారం. లావణ్య కోరుట్లలో ఒక ప్రైవేటు బడికి బస్సులో పోయి వస్తుంది. నవంబరు నెలాఖరున ఆ బడి గోడకు ఒక ఫ్లెక్సీ కట్టారు. 'మీ బిడ్డ మెదడు ఏ గ్రూపు కోసం పుట్టింది?' అని దాని మీద పెద్ద అక్షరాల ప్రశ్న. జగిత్యాలలోని న్యూరో దర్పణం అనే సంస్థ వాళ్లది అది. పది వేళ్లూ స్కాన్ చేస్తే మెదడులో ఎక్కడెక్కడ ఎంత బలముందో తెలుస్తుందట. దాన్ని బట్టి ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో చెప్తారట. రుసుము మూడున్నర వేలు.

ప్రేమలతకు అది అంతగా పట్టలేదు. భాస్కర్‌కు పట్టింది. మస్కట్‌లో అతని గదిలో ఉండే మనిషి తన కొడుక్కి అప్పటికే చేయించాడు. భాస్కర్ ఆ వీడియోలు నాలుగు రోజులు చూశాడు.

"నాకు ఎవ్వలు జెప్పిన్రే?" అన్నాడు ఫోన్‌లో. "మా బాపు ఐ.టి.ఐ. అంటే ఐ.టి.ఐ.ల పడ్డ. ఫిట్టర్ పని నేర్సుకున్న, డ్రైవర్ పని జేస్తున్న. నా దిమాక్ దేనికి పనికస్తదో నాకు గీ వయసుకు గూడ తెల్వది. పొల్లకు గట్ల కావద్దు. దాన్ని తోలుకపొయ్యి చేపియ్యి."

పరీక్ష డిసెంబరులో ఒక ఆదివారం పెట్టారు, కోరుట్లలో ఒక ఫంక్షన్ హాలులో. అదే ఆదివారం లావణ్యకు జగిత్యాలలో లెక్కల టాలెంట్ టెస్టు ఉంది. బడి వాళ్లే పేరు రాయించారు. పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయింది. స్కానింగ్ కాగితం మీద 'తల్లి లేదా తండ్రి తప్పనిసరి' అని ఉంది. వేళ్లు పెట్టాలని ఉంది, ఎవరివో లేదు. ప్రేమలత ఒక్క క్షణం ఆలోచించి, ఆధార్ కాగితాలు సంచిలో వేసుకుని, అత్తను వెంట తీసుకుని కోరుట్ల పోయింది.

హాలు నిండా జనం. నాలుగు లాప్‌టాప్‌లు, నలుగురు ఆపరేటర్లు. వాళ్లకు తలకింత అని కూలి. ఆ తల ఎవరిదో ఎత్తి చూసే తీరిక లేదు.

"పేరు?"

"లావణ్య."

"టెన్తా?"

"ఔ."

"ఏలు పెట్టున్రి."

ప్రేమలత ముందు తనది పెట్టి చూసింది. ఎర్ర దీపం. ఆపరేటర్ ఒక గుడ్డ ముక్క ఇచ్చాడు. తుడిచి పెట్టింది. మళ్లీ ఎర్రదే.

"పడతలేదు గదమ్మా."

"నాది పడదు సార్. మా అత్తది పడతది."

"పడేది పెట్టున్రి జల్ది. ఎన్కల లైన్ జూడున్రి ఎంతున్నదో."

మొగిలవ్వ కుర్చీలో కూర్చుని పది వేళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టింది. పదిసార్లూ పచ్చ దీపం వెలిగింది. బయటికి వస్తూ కోడలిని అడిగింది.

"కొమురయ్య తాన ఒక్క ఏలే గదనే. వీళ్లు పదికి పది పెట్టిచ్చుకున్నరు. బియ్యం గిట్ల బాగనే ఇస్తరా?"

"బియ్యం గాదు అత్తమ్మా. లావణ్య సదువుకు."

"సదువుకైతే మంచిదే," అంది మొగిలవ్వ. ఆధార్ కాగితాలు పట్టుకుపోయారు కనుక, అందులో ఉన్న తన వేలిముద్రలే తీసుకున్నారని లావణ్య అనుకుంది.

జనవరి మొదటి వారంలో కౌన్సెలింగుకు రమ్మని ఫోన్ వచ్చింది. జగిత్యాలలో ఒక మందుల దుకాణం పైన రెండో అంతస్తు. ఏసీ గది. గోడకు మెదడు పటం. కౌన్సెలర్ పేరు శ్రవణ్. ముప్ఫై ఏళ్లుంటాయి. టై కట్టుకున్నాడు. మాట మర్యాదగా ఉంది. ఇంతకు ముందు సెల్‌ఫోన్ల కంపెనీలో మార్కెటింగ్ చేసేవాడినని తనే చెప్పాడు. తల్లికీ కూతురికీ మంచినీళ్లు తెప్పించి, రిపోర్టు తెరిచాడు.

"లావణ్యది రైట్ బ్రెయిన్ మేడం. ఎడమ వైపు ముప్ఫై ఒక్క శాతం, కుడి వైపు అరవై తొమ్మిది. లెక్కలు, లాజిక్కు అంతా ఎడమ వైపు ఉంటుంది. కళలు, సంగీతం కుడి వైపు. ఇక్కడ చూడండి, అంకెల మీద పట్టు తొమ్మిది శాతం. శరీర కదలికలు, అంటే డ్యాన్స్ లాంటివి, ఇరవై రెండు. పాప నెమలి టైపు."

లావణ్య తల వంచుకుని ఆ తొమ్మిది అంకెనే చూస్తోంది.

"లెక్కలల్ల దీనికి హాఫియర్లీల ఎనభైకి డెబ్భై ఆరు అచ్చినయి సార్," అంది ప్రేమలత.

"వస్తాయి మేడం, కష్టపడితే వస్తాయి. కానీ అది సహజం కాదు. ఎం.పి.సి.లో వేస్తే మెదడు మీద ఒత్తిడి పడుతుంది. సి.ఇ.సి. అయితే పాప ఎగురుతుంది. అసలు మనిషి మెదడులో వాడేది పది శాతమే తెలుసా మేడం?"

"కడమ తొంభై ఏం జేస్తది సార్?"

"నిద్రపోతుంటుంది."

ప్రేమలత తల ఊపింది. శ్రవణ్ పటం దగ్గరికి వెళ్లి ఒక్కో వేలూ మెదడులో ఏ భాగానికి చెందుతుందో చూపించాడు. వేలి గీతలూ మెదడూ తల్లి కడుపులో ఒకే నెలల్లో తయారవుతాయన్నాడు. చచ్చేదాకా మారవన్నాడు. "ప్రపంచంలో ఇన్ని కోట్ల మంది ఉన్నారు కదా మేడం, ఒకరి గీతలు ఇంకొకరికి ఉండవు. అందుకే ఒకరి రిపోర్టు ఇంకొకరికి రాదు. ఇది కేవలం లావణ్యదే."

అప్పటిదాకా ప్రేమలత మనసులో ఏ అనుమానమూ లేదు. ఇంటి తరఫున ఇంటి వేలు పడింది, ఇంటి పిల్లది రిపోర్టు వచ్చింది అనే ఉంది. ఆ మాటతో ఆమె కుర్చీలో కొంచెం ముందుకు జరిగింది.

"అమ్మయి గూడ బిడ్డకు రావా సార్?"

"రావు మేడం. కవల పిల్లలకు కూడా వేరు వేరుగా ఉంటాయి."

ప్రేమలత తన రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "నాకు గీతలే లేవు సార్. మిషన్ కూడ వశం గాదన్నది. మరి నాకు మెదడు లేనట్టా?"

"అమ్మా, ఊకో," అంది లావణ్య సిగ్గుపడుతూ.

శ్రవణ్ నవ్వాడు. "మీకూ ఉంటాయి మేడం. లోపల ఉంటాయి."

అసలు సంగతి అక్కడే చెప్పేస్తే అయిపోయేది. ప్రేమలత చెప్పలేదు. పిల్ల పక్కనే ఉంది. మూడున్నర వేలు కట్టింది మొగుడు. పిల్లను తోలుకపొమ్మంటే అత్తను తీసుకుపోయింది తను. పైగా టై కట్టుకున్న మనిషి ముందు, తొమ్మిది చదివిన తను, ఎక్కడ పొరపాటు పడుతోందో అన్న బెదురు కూడా ఉంది. రిపోర్టు సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

తర్వాతి పది రోజుల్లో ఇంట్లో రెండు మార్పులు వచ్చాయి. భాస్కర్ గ్రాఫ్ ఉన్న పేజీ ఫొటో చూసి సి.ఇ.సి. ఖాయం చేశాడు. కాలేజీ వాళ్లతో ముందే మాట్లాడిపెట్టమన్నాడు. రెండోది లావణ్యలో వచ్చింది. ఇంతకు ముందు లెక్క రాకపోతే కాగితాలు చింపేది, అన్నం పక్కన పెట్టేది, వచ్చేదాకా లేచేది కాదు. ఇప్పుడు రెండు వరసలు రాసి పెన్ను మూస్తోంది.

"ఏమైందే?"

"నాది రైట్ బ్రెయిన్ అమ్మా. నాకు గివి అట్లనే ఉంటయి."

లెక్కల సారు జగదీశ్‌కు ప్రేమలత ఫోన్ చేసింది. రిపోర్టు నకలు బడికి కూడా వచ్చిందని ఆయన చెప్పాడు.

"నాకు ముందు నుంచే డౌట్ ఉండెనమ్మా. ఆమె స్టెప్పులు మరీ ఎక్కువ రాస్తది. లాజిక్ ఉన్నోళ్లు షార్ట్‌గ జేస్తరు."

దసరాకు ముందు జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో, ఒక్క స్టెప్పు కూడా వదలకుండా రాస్తుందని లావణ్యను మెచ్చుకున్నది ఈ జగదీశ్ సారే. ప్రేమలతకు ఆ మాట బాగా గుర్తుంది. పిల్ల స్టెప్పులు రాసే తీరు మారలేదు, మధ్యలో వచ్చింది ఆ పుస్తకం ఒక్కటే.

అందుకే ఆ శనివారం మధ్యాహ్నం ఆమె చాట పక్కకు జరిపి పుస్తకం పట్టింది. మొదటి పేజీ నుంచి, వేలు పెట్టుకుంటూ, ఒక్క ముక్క వదలకుండా చదివింది. ఎదురుగా మొగిలవ్వ కోడలు చుట్టిన బీడీల కట్టలు సర్దుతోంది. కట్టకు ఇరవై అయిదు ఉండాలి. ముసలామె లెక్కపెట్టదు. అరచేతిలో పట్టి చూస్తుంది, అంతే.

"దీంట్ల ఒకటి తక్కువున్నది," అని ఒక కట్ట ఇవతల పడేసింది. ప్రేమలత విప్పి లెక్కపెట్టింది. ఇరవై నాలుగు.

ఆమె మళ్లీ పుస్తకం వైపు చూసింది. అంకెల మీద పట్టు, తొమ్మిది శాతం.

"అత్తమ్మా, నీకు డ్యాన్స్ అస్తదట."

"ఎవ్వలన్నరే?"

"గా కోరుట్ల మిషన్. నెమలి అసొంటిదానివట. లెక్కలు రావట."

మొగిలవ్వ ఇంకో కట్ట పట్టుకుని చూసి సరిగానే ఉందని పక్కన పెట్టింది. "మోకాళ్లు లేస్తలేవు గని నెమలట, నెమలి," అంది. "ఏ ముండకొడుకు జెప్పిండే?"

సోమవారం సుధ వాళ్ల అరుగు మీద ఎప్పటిలాగే నలుగురు ఆడవాళ్లు చాటలు పెట్టుకుని కూర్చున్నారు. సుధ, లీల, ఐలవ్వ, ప్రేమలత. చేతులు పని చేస్తుంటే నోళ్లు ఖాళీగా ఉంటాయి కనుక రోజూ ఏదో ఒక ముచ్చట కావాలి. ప్రేమలత పదకొండో పేజీ ఫోన్‌లో ఫొటో తీసుకుని వచ్చింది. 'వ్యక్తిత్వం' అనేది ఆ పేజీ శీర్షిక.

"ఒక మనిషి గురించి రాసిన్రు, సదువుతా. ఎవ్వలో చెప్పున్రి," అని చదివింది. "బయటికి గట్టిగా కనిపించినా లోపల మెత్తని మనసు. తనవాళ్లను తొందరగా నమ్ముతారు, కొన్నిసార్లు మోసపోతారు. కోపం వస్తుంది, కానీ ఎక్కువసేపు ఉండదు. ఇష్టం లేని పని చేయమంటే విసుగు. తనలో ఉన్న శక్తిని ఇంకా పూర్తిగా వాడుకోలేదు. మెచ్చుకుంటే ఎంత పనైనా చేస్తారు."

"గది మా పెద్దోడే," అంది సుధ వెంటనే. "అక్షరం అక్షరం వాడే. ఎవ్వలు రాసిన్రు?"

"ఏ, ఆగు వదినా," అంది లీల. "మోసపోయింది నేను. నమ్మి నమ్మి ఆడపడుచుకు బోనాల చీరె ఇస్తిని, ఇంతవరకు మొఖం జూపెట్టకపాయె. గది నా గురించే రాసిన్రు."

"నీది మెత్తని మనసానే?" అంది సుధ.

"లోపల, లోపల. సరింగ ఇను."

ఐలవ్వ అందరిలోకి పెద్దది. దారం పళ్లతో కొరికి ఉమ్మింది. "కోపమస్తది, జరసేపైతే పోతది. ఇష్టం లేని పని జెయ్యది. మెచ్చుకుంటూ గోకితే ఏమన్నా ఇస్తది. అది మా బర్రెనే బిడ్డా. నిన్ననే పాలు తన్నింది."

అరుగంతా నవ్వు. ప్రేమలత కూడా నవ్వింది. కానీ ఆమె చేతులు ఆగిపోయాయి. ఆ పేజీ చూసి భాస్కర్ 'అచ్చం లావణ్యనే' అన్నాడు. లావణ్య 'అచ్చం నేనే' అంది. తనూ కొంచెం అలాగే అనుకుంది.

"ఇంతకు ఎవ్వలిదే అది?" అంది లీల.

"మా అత్తది."

"మొగిలవ్వదా? ఆమెకు మెత్తని మనసా? గా మిషన్‌ను పాడువడ."

ఇంటికి పోయే దారిలో ప్రేమలత సిరిసిల్లలోని తమ్ముడు సతీశ్‌కు ఫోన్ చేసింది. వాళ్ల అబ్బాయికి కూడా ఇదే పరీక్ష అక్కడ బడిలో చేయించారని ఆమెకు తెలుసు. ఆ రిపోర్టు పంపమంది. రాగానే పదకొండో పేజీ తీసింది. పేరు వేరు. అంకెలు వేరు. పక్షి బొమ్మ వేరు, అతనిది డేగ. మెత్తని మనసు, తొందరగా నమ్మడం, వాడుకోని శక్తి మాత్రం వరస తప్పకుండా అక్కడా ఉన్నాయి.

శుక్రవారం భాస్కర్‌కు సెలవు. వీడియోలో వచ్చాడు. మంచం మీద లావణ్య, కింద మొగిలవ్వ, పొయ్యి దగ్గర ప్రేమలత. ఆమె పొయ్యి తగ్గించి వచ్చి ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"ఒక ముచ్చట జెప్తా. తిట్టేది ఉంటే మొత్తం విన్నంక తిట్టు. కోరుట్లల ఆ దినం పొల్ల లేదు. జగిత్యాలకు టాలెంట్ టెస్టుకు పోయింది. నావి పడలేదు. అత్తమ్మతోని పెట్టిచ్చిన."

భాస్కర్ అర్థం కానట్టు చూశాడు. "ఏం పెట్టిచ్చినవ్?"

"వేళ్లు. పదికి పది అత్తమ్మయి. ఆ రిపోర్టు మీ అమ్మది."

లావణ్య మంచం మీద లేచి కూర్చుంది.

"నీకు దిమాక్ ఉన్నదానే?" అని అరిచాడు భాస్కర్.

"నా వేళ్లకు గీతలు లేవు గద. ఉన్నదో లేదో ఆ శ్రవణ్ సార్‌నే అడగాలె."

"నవ్వులాటనా? మూడున్నర వేలే! పొల్ల భవిష్యత్తే! రేషన్ బియ్యం అనుకున్నవా?"

"ఔ. గట్లనే అనుకున్న. నాదే తప్పు."

మొగిలవ్వ చెయ్యి చాపి ఫోన్ లాక్కుంది. "ఓ కొడుకా, దాని మీద ఒర్రకు. నా మాట ఇను. డెబ్భై ఏండ్లకచ్చిన. గా మిషన్ నన్ను పదిహేనేండ్ల పొల్ల అనుకొని రాసింది. ఇంటర్‌ల ఏం సదువుకోవాల్నో నాకు జెప్తున్నది. ముసల్దో పడుసుదో తెల్వనిదానికి లోపలి మెదడు ఏం తెలుస్తదిరా?"

భాస్కర్ ఫోన్ పెట్టేశాడు. అరగంటకు మళ్లీ చేశాడు. ఈ మధ్యలో శ్రవణ్‌తో మాట్లాడాడట. గొంతు కొంచెం తగ్గింది.

"ఏం గాదట. బాపమ్మయి మనుమరాలికి జీన్స్‌ల అస్తయట. ఎనభై శాతం రిపోర్టు కరెక్టే ఉంటదట."

"అమ్మయి గూడ బిడ్డకు రావు అన్నడు గద నాతోని. అందుకే ఒకలది ఇంకొకలకు రాదన్నడు. పొల్ల గూడ విన్నది. అడుగు."

లావణ్య తల ఊపింది. భాస్కర్ మాట మార్చాడు.

"సరే తియ్యి. సగం పైసలకే మళ్ల జేస్త అన్నడు. ఈసారి పొల్లను తోలుకపో. పొల్ల వేళ్లే పెట్టియ్యి."

ఈ మాటకు లావణ్య మొహం వెలిగింది. "చేయిద్దాం అమ్మా. నావైతే ఎక్కువ అస్తదేమో."

ప్రేమలత అప్పటిదాకా మెల్లగానే మాట్లాడింది. "నేను చేపియ్య," అంది గట్టిగా.

"ఎందుకు?" అన్నాడు భాస్కర్.

"మళ్ల తొమ్మిదే అస్తే?"

"అస్తే సి.ఇ.సి.," అన్నాడు భాస్కర్.

"తొంభై అస్తే?"

"ఎం.పి.సి."

"మరి పొల్ల పదేండ్ల సంది లెక్కలు ఎందుకు జేసినట్టు? చేతులు కడుక్కొని కూసుంటే అయిపోవు గద."

"నువ్వు తొమ్మిది సదివినదానివి. నీకేం తెలుస్తదే సైన్సు?"

"తొమ్మిదే సదివిన. గని గా నలభై ఎనిమిది పేజీలు సదివిన. నువ్వెన్ని సదివినవ్?"

భాస్కర్ చూసింది రెండు పేజీలు, అవీ ఫొటోల్లో. ప్రేమలత పదకొండో పేజీ గురించి చెప్పింది. సతీశ్ కొడుకు రిపోర్టు గురించి చెప్పింది. అరుగు మీద సుధ, లీల ఏమన్నారో చెప్పింది. ఐలవ్వ బర్రె దగ్గరికి వచ్చేసరికి భాస్కర్ నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. తిప్పుకుని, మళ్లీ గంభీరంగా అయ్యాడు.

"ఎం.పి.సి.ల ఫెయిలైతే ఎవ్వలది జిమ్మేదారి?"

"నాది."

"రాసి పెట్టుకో."

"పెట్టుకుంట."

ఆ తర్వాత వారం రోజులు అతను కూతురితోనే మాట్లాడాడు, భార్యతో మాట్లాడలేదు.

లావణ్య ఆ రాత్రి సంతోషపడిందని చెప్పడానికి లేదు. రిపోర్టు తనది కాదని తెలిశాక తొమ్మిది పోయింది, కానీ దాని స్థానంలో ఏ అంకే రాలేదు. అదే ఆమెను ఇబ్బంది పెట్టింది.

"మరి నాది నిజంగ ఎంతనో ఎవ్వరికి తెల్వదా?"

"నాకైతే తెల్వది," అంది ప్రేమలత. "మొన్న మూసిపెట్టిన లెక్కలు తియ్యి."

పుస్తకం తీసింది. ఒకటి వచ్చింది, ఒకటి రాలేదు. రానిదాని మీద పదకొండు దాకా కూర్చుని, కాగితం చింపి, ఏడ్చి పడుకుంది. ప్రేమలతకు ఆ ఏడుపు కొంత ధైర్యమిచ్చింది. రెండు వారాలకు పైగా పిల్ల లెక్క రాలేదని ఏడవలేదు.

జగదీశ్ సారుకు కూడా ఫోన్ చేసి చెప్పింది. ఆయన "నేను గదే అనుకున్ననమ్మా," అన్నాడు. మరుసటి వారం నుంచి లావణ్యను మళ్లీ బోర్డు దగ్గరికి పిలిచాడు. స్టెప్పులు వదలకుండా రాయమని మిగతా పిల్లలకు చెప్పాడు కూడా.

మార్చిలో పరీక్షలు అయ్యాయి. ఏప్రిల్ ఆఖరులో ఫలితాలు. లావణ్యకు లెక్కల్లో వందకు ఎనభై మూడు వచ్చాయి. జనవరికి ముందు ఆమె అనుకున్నది తొంభై అయిదు. ఎనభై మూడు చూసి భాస్కర్ మస్కట్ నుంచి "చూసినవా?" అన్నాడు. ప్రేమలత "చూసిన" అంది. తక్కువ పడినవి ఆ రెండు వారాల వల్లనా, పేపరు కష్టంగా రావడం వల్లనా, పిల్ల శక్తే అంతా అన్నది చెప్పగలిగే వాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. చెప్పగలమన్న వాళ్లకు ప్రేమలత మళ్లీ పైసలు కట్టలేదు.

జూన్‌లో జగిత్యాలలో కాలేజీకి తల్లీకూతుళ్లు పోయారు. గేటు పక్కన న్యూరో దర్పణం ఫ్లెక్సీ కొత్తది కట్టి ఉంది. ఈసారి ఇంటర్ పిల్లలకు జ్ఞాపకశక్తి పరీక్ష. దరఖాస్తులో గ్రూపు ఉన్నచోట క్లర్కు పెన్ను ఆపి, "అమ్మా, ఏం రాయాలె?" అన్నాడు. ప్రేమలత లావణ్య వైపు చూసింది. లావణ్య ఎం.పి.సి. అని చెప్పింది. తల్లి కింద సంతకం చేసింది.

సెక్షన్‌లో అరవై రెండు మంది. జూలై మూడో వారంలో మొదటి యూనిట్ టెస్టు పెట్టారు. లెక్కల్లో లావణ్యకు ఇరవై అయిదుకు పదహారు వచ్చాయి.